యాక్సిలరేటర్ పెడల్‌ను ఇంట్లోనే విప్పి మార్చుకున్న నా అనుభవం

2025 మే 25, ఆదివారం సాయంత్రం విజయవాడ నుంచి గుంటూరుకు తిరిగి వస్తూ కాజ టోల్‌గేటు దాటిన తర్వాత బండికి వేగం అందిద్దామని పెడల్ తొక్కితే రేస్ ఎక్కలేదు. చివరిదాకా తొక్కినా ఇంజన్ మూలుగుతూ అక్కడే ఉండిపోయింది, మీటర్ల పలక మీద పసుపుపచ్చ ఇంజన్ గుర్తు వెలిగింది, వెనుక వస్తున్న లారీ హారన్ ఆపలేదు. నలభై కిలోమీటర్ల వేగంతో ఎడమ అంచు పట్టుకుని, నాలుగు లైట్లూ వెలిగించి, ఎలాగో పక్కకు తీసి ఇంజన్ ఆపాను. రెండు నిమిషాలు ఆగి మళ్ళీ తాళం తిప్పితే ఏమీ జరగనట్టే లేచి పరుగెత్తింది. ఆ రోజు ఇల్లు చేరాను గానీ, ఆ వారంలోనే ఊళ్ళో ఒకసారి, మంగళగిరి దగ్గర మరొకసారి ఇదే తంతు జరగడంతో బండిని సెల్లార్లో పెట్టేశాను.

మాది 2014లో కొన్న పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, చేత్తో గేర్లు మార్చేది, 98,000 కిలోమీటర్లు తిరిగింది. పెడల్ నుంచి ఇంజన్‌కు కేబుల్ ఉండదు. పెడల్ పైభాగంలో ఉన్న సెన్సర్ పాదం ఎంత నొక్కిందో కంప్యూటరుకు చెబుతుంది, ఆ తర్వాతి పని అంతా కంప్యూటరుదే. నేను జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను కాబట్టి మల్టీమీటరు పట్టుకోవడం అలవాటే గానీ, కారు కింద దూరి పానా తిప్పిన అనుభవం అంతంతమాత్రమే. ఈ పని ఇంట్లో చేసుకోవచ్చా అని సందేహిస్తున్న వారికి అసలు ఏమవుతుందో తెలియాలని వరుసగా రాస్తున్నాను.

మే 30న ఒక వర్క్‌షాపులో చూపిస్తే స్కానర్ తగిలించి, కోడ్ పి2138 వచ్చిందని, పెడల్ మార్చి, ఇంజన్‌లోకి గాలి వెళ్ళే దారిని తెరిచి మూసే థ్రాటిల్ బాడీని శుభ్రం చేయాలని, కూలీతో కలిపి రూ. 9,800 అవుతుందని చెప్పారు. పెడల్‌లోని రెండు సెన్సర్ల రీడింగులకూ పొంతన కుదరడం లేదన్నది ఆ కోడ్ అర్థం. పెడలే పోయిందని ఎలా తేల్చారని అడిగితే, స్కానర్‌లో వచ్చింది కదా అన్నారు. అదే సాయంత్రం మా వీధి చివర ఉన్న ముసలి మెకానిక్‌ను అడిగాను. ఆయన ఎలక్ట్రానిక్ బండ్ల జోలికి పోరు గానీ ఒక మాట చెప్పారు: "మాస్టారూ, కోడ్ వచ్చిందని పెడల్ కొనేయకండి. ఎలుక వైరు కొరికినా ఇదే కోడ్ వస్తుంది." ఈ మొత్తం వ్యవహారంలో నాకు దొరికిన అత్యంత విలువైన సలహా ఇదే, దానికి ఆయన టీ కూడా పుచ్చుకోలేదు.

కాబట్టి విప్పడానికి ముందు తేల్చుకోవలసింది తప్పు ఎక్కడుందన్నది. స్టీరింగ్ కింద ఉండే పదహారు పిన్నుల సాకెట్‌కు తగిలించే బ్లూటూత్ స్కానర్‌ను రూ. 950 పెట్టి తెప్పించాను. జూన్ 1న మా అమ్మాయిని పక్క సీట్లో కూర్చోబెట్టి ఫోన్ చేతికిచ్చి, ఇంజన్ వేయకుండా తాళం మాత్రం ఆన్ చేసి, పెడల్‌ను చేత్తో చాలా నెమ్మదిగా నొక్కుకుంటూ పోయాను. పాదం పెట్టనప్పుడు మొదటి సెన్సర్ 15 శాతం, రెండోది 7.5 శాతం చూపిస్తున్నాయి. పూర్తిగా నొక్కితే మొదటిది 76కూ రెండోది 38కూ చేరుతున్నాయి. అంటే రెండోది ఎప్పుడూ మొదటిదానిలో సగం ఉండాలి. ఈ లెక్క తప్పితే కంప్యూటరు ఏ ఒక్కదాన్నీ నమ్మక ఇంజన్ శక్తిని కట్టేస్తుంది. టోల్‌గేటు దగ్గర జరిగింది ఇదేనని, బండి మొరాయించడం మనల్ని కాపాడటానికేనని తెలిశాక దాని మీద కోపం కొంత తగ్గింది.

మొదటి సెన్సర్ 34 దగ్గరికి రాగానే రెండోది 17 చూపించవలసింది పోయి ఒక్కసారిగా 4కు పడిపోయి మళ్ళీ లేచింది. "నాన్నా, మళ్ళీ పడింది" అని అమ్మాయి అనడం, నేను వెనక్కి వదిలి మళ్ళీ నొక్కడం, ప్రతిసారీ అదే చోట పడటం. తర్వాత పెడల్‌ను ఆ చోటికి కాస్త పైన ఆపి, దానికి వచ్చే వైర్ల కట్టను అటూ ఇటూ కదిపి చూశాను, అంకెల్లో చలనం లేదు. వైర్ల కట్టను పెడల్‌కు కలిపే కప్లర్ వెనుక వైపు నుంచి సన్నటి గుండుసూదిని వైరు పక్కగా దూర్చి మల్టీమీటరుతో కొలిస్తే రెండు సెన్సర్లకూ ఐదేసి వోల్టుల కరెంటు నిలకడగా అందుతోంది, రెండు ఎర్తులూ బాగున్నాయి. సూదిని కప్లర్ ముందు వైపు నుంచి మాత్రం దూర్చకూడదు, లోపలి రేకులు వెడల్పైతే పెడల్ కొత్తదైనా కాంటాక్టు వదులుగానే ఉంటుంది. ఎలుకలూ తుప్పూ కారణం కాదని, పెడల్ సెన్సర్ లోపల రీడింగు ఇచ్చే పట్టీ ఒకచోట అరిగిపోయిందని ఆ పూటతో రూఢి అయింది.

కాంటాక్ట్ క్లీనర్ కొట్టి సరిపెట్టుకోవచ్చని ఇద్దరు ముగ్గురు చెప్పారు. రేడియో వాల్యూమ్ గుండీకైతే నేనూ అదే చేసేవాణ్ణి. రోడ్డు మీద వేగాన్ని నిర్ణయించే వస్తువుకు తాత్కాలిక వైద్యం చేసి, అది ఏ రోజు మళ్ళీ తిరగబెడుతుందో అని ఎదురుచూడటం నాకు మనస్కరించలేదు. పాత బండి నుంచి ఊడదీసి అమ్మే స్క్రాపు పెడల్ విషయంలోనూ నా అభిప్రాయం ఇదే. మన బండి పెడల్ అరిగినంతే ఆ బండిదీ అరిగి ఉంటుంది కదా.

ఇక సామాను సంగతి. పెడల్ నంబరు దాని పక్క భాగంలో అతికించిన చీటీ మీద ఉంటుంది, మనిషి కంటికి ఆనదు. ఫోన్‌ను తలకిందులుగా పట్టుకుని లైటు వేసి తీసిన ఫొటోల్లో ఒకదానిలో స్పష్టంగా వచ్చింది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఒకే మోడల్‌లో ఆటోమేటిక్‌కూ మాన్యువల్‌కూ, ఒక ఏడాదికీ మరో ఏడాదికీ పెడళ్ళు మారుతుంటాయి. కారు పేరు చెప్పి కొంటే పొరపాటు జరగడానికి అవకాశం ఎక్కువ. జూన్ 7న బండ్ల సామాను కొట్లుండే ఆటోనగర్ వెళ్ళాను. స్క్రాపు కొట్లో రూ. 700 అన్నారు, కంపెనీ ముద్ర లేని కొత్తది రూ. 1,900 అన్నారు, ఒరిజినల్ కౌంటర్లో రూ. 4,150, అదీ స్టాకులో లేదు, చెన్నై నుంచి రావాలి, రూ. 2,000 అడ్వాన్సు కట్టాలి, పది పన్నెండు రోజులు పడుతుంది అన్నారు. కౌంటర్ వెనుక గోడ మీద "ఎలక్ట్రికల్ సామాను తిరిగి తీసుకోబడదు" అని ఎర్ర అక్షరాలతో రాసి ఉంది. నా ఫొటోలోని నంబరుకూ వాళ్ళ కంప్యూటరులో వచ్చినదానికీ చివరి అక్షరం ఒకటి తేడా ఉండటంతో ఆ గోడ మీది రాత నాకు మరింత ఎర్రగా కనిపించింది. పాత నంబరుకు బదులుగా ఇప్పుడు ఇదే వస్తోందని వాళ్ళ కంప్యూటరు చూపిస్తున్న వరుసను ప్రింటు తీసి బిల్లుకు జతచేయమని అడిగాను. కాస్త విసుక్కున్నా చేశారు.

పన్నెండు రోజులన్నది జూలై 3 దాకా సాగింది. నాకు పని కన్నా ఈ ఎదురుచూపే కష్టమనిపించింది. కళాశాలలు తెరిచారు, తొలకరి వానలు మొదలయ్యాయి, నేను రోజూ బస్సూ ఆటో పట్టుకుని తడుస్తూ వెళ్తుంటే ఇంట్లో కారు సెల్లార్లో దుమ్ము కొట్టుకుంటూ ఉంది. ఆపి మళ్ళీ స్టార్టు చేస్తే బాగానే నడుస్తుంది కదా, ఊళ్ళో వరకైనా తీయొచ్చు కదా అని మా ఆవిడ అడిగినప్పుడల్లా జవాబు చెప్పడం కష్టమయ్యేది. హైవే మీద లారీల మధ్య పికప్ పోవడం ఎలా ఉంటుందో పక్కన కూర్చున్నవారికి పూర్తిగా తెలియదు. ఆటో ఖర్చులు రాసి పెట్టుకోలేదు, రాసి ఉంటే ఇంట్లో చేసుకుని మిగిల్చాననుకున్న డబ్బులో సగం అక్కడే కనిపించేదేమో.

జూలై 6, ఆదివారం ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టాను. ఎండ రాకముందే ముగించాలన్నది ఒక కారణమైతే, సెల్లార్లో ఎవరూ బండ్లు తీయని సమయం కావడం రెండో కారణం. చదునైన చోట నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, మొదటి గేరులో పెట్టి, వెనుక చక్రాలకు ముందూ వెనుకా ఇటుకలు పెట్టాను. డ్రైవరు సీటును వీలైనంత వెనక్కి జరిపి, పట్టా తీసేశాను. కిటికీ అద్దాలు ముందే దించుకోవాలి, రేడియోకు కోడ్ అడిగే రకమైతే దాన్ని ముందే రాసి పెట్టుకోవాలి, తాళం జేబులో వేసుకోవాలి, తలుపు తెరిచే ఉంచాలి. బ్యాటరీ తీశాక ఇవేవీ మన చేతిలో ఉండవు.

తాళం తీసి, కంప్యూటర్లు నిద్రలోకి వెళ్ళేదాకా పది నిమిషాలు ఆగి, 10 నంబరు పానాతో బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ వదులు చేసి తీశాను. అది జారి మళ్ళీ తగలకుండా పొడి గుడ్డ చుట్టి పక్కకు వంచి కట్టాను. ఆ తర్వాత మరో పది నిమిషాలు ఏ పనీ చేయలేదు. పెడల్‌కు దగ్గరలోనే స్టీరింగ్ ఎయిర్‌బ్యాగు వైర్లు ఉంటాయి, దాని కప్లర్లు సాధారణంగా పసుపు రంగులో ఉంటాయి, బ్యాటరీ తీసిన వెంటనే కూడా ఆ వ్యవస్థలో కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుంది. పసుపు రంగు కనిపించిన దేన్నీ తాకకూడదని నాకు నేను గట్టిగా చెప్పుకున్నాను. పెడల్ కప్లర్‌ను కరెంటు ఉండగా లాగితే మరికొన్ని కోడ్లు పడతాయన్నది కూడా బ్యాటరీ తీయడానికి ఒక కారణం.

ఏ భంగిమలో పని చేయాలన్నది ముందుగా ఎవరూ చెప్పని విషయం. వీపు కింద ఆనించి, తల పెడళ్ళ కిందికి పెట్టి, కాళ్ళు సీటు మీదుగా వెనక్కి చాపితే పైభాగం కనిపిస్తుంది గానీ మెడ పది నిమిషాలకు మించి సహకరించదు. తలుపు బయట మోకాళ్ళ మీద కూర్చుని ఎడమ చేత్తో తడుముతూ చేస్తే ఒళ్ళు బాగుంటుంది, కళ్ళకు ఏమీ కనిపించదు. నేను మొదటి పద్ధతిలో చూసుకుని, రెండో పద్ధతిలో చేశాను. నుదుటికి కట్టుకునే లైటు (రూ. 280) లేకపోతే రెండూ కుదరవు.

కప్లర్ మీద పదకొండేళ్ళ దుమ్ము మెత్తటి బూడిద రంగు పొరలా పేరుకుని ఉంది. బ్రష్షుతో తుడిస్తే దాని పైన అదే రంగులో గోరంత తాళం బయటపడింది. ముందు ఆ తాళాన్ని వెనక్కి జరపాలి, అప్పుడే కింది నొక్కు పని చేస్తుంది. ఏళ్ళ తరబడి వేడికి ఎండిన ప్లాస్టిక్ కాబట్టి స్క్రూడ్రైవరుతో ఎగదీస్తే విరిగిపోతుందని, బొటనవేలి గోరుతో రెండు వైపులా కొద్దికొద్దిగా జరుపుతూ వచ్చాను. టక్కుమని చిన్న శబ్దంతో వెనక్కి వెళ్ళింది. తర్వాత నొక్కు నొక్కి, వైర్లను కాకుండా కప్లర్ ఒంటిని పట్టుకుని లాగితే వచ్చేసింది. లోపల ఆరు పిన్నులూ తళతళలాడుతున్నాయి, ఎక్కడా పచ్చటి చిలుము లేదు. వైరింగు మీద అనుమానానికి అది చివరి సమాధానం.

పెడల్‌ను పట్టుకుని ఉన్నవి పైన రెండు నట్లు, కింద ఒకటి, మూడూ 10 నంబరువే. కింది నట్టును కార్పెట్ అంచు కప్పేసి ఉండటంతో మొదట కనిపించలేదు, పైవి రెండూ విప్పినా పెడల్ కదలకపోయేసరికి వెతికితే దొరికింది. పొడుగు ఎక్స్‌టెన్షన్‌తో ఉన్న సాకెట్ లేకుండా ఈ నట్లను అందుకోలేము (సెట్టు రూ. 340). సాకెట్ లోపల కాస్త గ్రీజు రాసుకుంటే విప్పిన నట్టు దానికే అంటుకుని బయటికి వస్తుంది, లేకపోతే కార్పెట్ కింద పడి మరో అరగంట తినేస్తుంది. బ్రేకు పెడల్ పైన ఉండే బ్రేకు లైటు స్విచ్చుకు మోచెయ్యి తగలకుండా చూసుకోవాలి, దాని స్థానం కాస్త మారినా వెనుక లైట్లు వెలిగే ఉండిపోతాయి. నట్లు మూడూ వచ్చాక పెడల్‌ను ముందుకు లాగితే రాదు, పైకి ఎత్తి లాగాలి, అడుగున ఒక ప్లాస్టిక్ మేకు గోడలోని రంధ్రంలో దిగి ఉంటుంది. బలప్రయోగం చేయాలనిపించిన చోటల్లా ఆగి, ఇంకా ఏదో పట్టుకుని ఉందేమోనని చూడటమే మంచిదని నాకు అర్థమైంది.

పెడల్ చేతిలోకి వచ్చాక దాని వెనుక ఐదు రూపాయల బిళ్ళ ఒకటి, రెండు చింతగింజలు, ఒక తలపిన్ను దొరికాయి. మా అమ్మాయికి నవ్వొచ్చింది గానీ నాకు కొంచెం భయమే వేసింది. పెడల్ కిందికి ఏదైనా జారుకుంటే ఏమవుతుందో ఊహించుకోవడం కష్టం కాదు. 2009-10లో అమెరికాలో టయోటా లక్షలాది కార్లను వెనక్కి పిలిపించిన వ్యవహారంలో ఒక కారణం కాళ్ళ కింది పట్టా ముందుకు జరిగి పెడల్‌ను పట్టేయడమే. ఆ ప్రదేశాన్ని వ్యాక్యూమ్‌తో పూర్తిగా శుభ్రం చేసి గానీ కొత్తది బిగించలేదు.

పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి కొలిచాను. రంధ్రాల దూరం, చేయి వంపు, కప్లర్ ఆకారం, ఆరు పిన్నులు, అడుగున మేకు, అన్నీ ఒకటే. చివరి అక్షరం తేడా వల్ల కలిగిన బెంగ అప్పుడు తీరింది. రెండింటినీ వేలితో నొక్కి చూస్తే లోపల రెండేసి స్ప్రింగులు పని చేస్తున్నట్టు తెలిసింది, ఒకటి విరిగినా రెండోది పెడల్‌ను వెనక్కి తేవాలని అలా పెడతారు.

బిగించడం విప్పినదానికన్నా తేలిక. ముందు మేకును రంధ్రంలో దించి, మూడు నట్లనూ వేళ్ళతోనే చివరిదాకా తిప్పి, ఆ తర్వాతే సాకెట్ వాడాను. పెడల్ చెవులు ప్లాస్టిక్‌వి, బలం చూపిస్తే పగులుతాయి, సర్వీసు పుస్తకంలో రాసిన కొద్దిపాటి బిగువు చాలు. కప్లర్ టక్కుమనేదాకా నొక్కి, బూడిద రంగు తాళాన్ని ముందుకు జరిపాను. పట్టా వేయకుండానే పెడల్‌ను చేత్తో పైనుంచి కిందికి పదే పదే నొక్కి వదిలాను, నెమ్మదిగా వదిలినా జారవిడిచినా పూర్తిగా పైకి వస్తోందా అని చూశాను. విప్పడం, బిగించడం కలిపి అరగంటకు కాస్త అటూ ఇటూ పట్టి ఉంటుంది. మిగిలిన సమయమంతా ఎదురుచూడటానికి, చూసుకోవడానికి, ఊపిరి తీసుకోవడానికి పోయింది.

బ్యాటరీ తగిలించాక వెంటనే స్టార్టు చేయలేదు. తాళం ఆన్ చేసి కాసేపు ఆగి, పెడల్‌ను నెమ్మదిగా పూర్తిగా నొక్కి వదిలి, ఆఫ్ చేసి, మళ్ళీ ఆన్ చేశాను. కొత్త పెడల్ మొదలూ చివరా కంప్యూటరు గుర్తుపట్టడానికి మా బండి సర్వీసు పుస్తకంలో చెప్పిన పద్ధతి అది. కొన్ని కార్లకు ఈ పని స్కానర్‌తోనే చేయించాలి. స్కానర్‌లో అంకెలు 15, 7.5 నుంచి బయలుదేరి 76, 38 దాకా ఎక్కడా తూలకుండా వెళ్ళాయి. 34 దగ్గర అమ్మాయీ నేనూ ఊపిరి బిగబట్టాం, 17 చూపించి ముందుకు పోయింది. అప్పుడు పాత కోడ్ చెరిపేశాను.

ఇంజన్ లేపితే మొదటి రెండు నిమిషాలు మామూలుకన్నా కాస్త ఎక్కువ రేస్‌లో తిరిగి తర్వాత సర్దుకుంది. న్యూట్రల్‌లో, బ్రేకు మీద కాలు ఉంచి, రేస్ ఇచ్చి వదిలితే వెంటనే పడిపోతోందా అని చూశాను. తర్వాత ఇటుకలు తీసి సెల్లార్లోనే మొదటి గేరులో నడిపాను. రోడ్డెక్కడానికి ముందు, ఒకవేళ పెడల్ ఇరుక్కుంటే ఏం చేయాలో మా ఆవిడకూ చెప్పి ఇద్దరం ఒకటికి రెండుసార్లు నోటితో అనుకున్నాం: క్లచ్ తొక్కి న్యూట్రల్, గట్టిగా బ్రేకు, పక్కకు తీసి ఆపిన తర్వాతే ఇంజన్ ఆఫ్. కదులుతున్న బండిలో తాళం బయటికి లాగితే స్టీరింగ్ లాక్ పడుతుంది. వారం పాటు ఊళ్ళోనే తిప్పి, పెండింగ్ కోడ్లు (కంప్యూటరు ఇంకా ఖాయం చేయని లోపాలు) ఏవీ పడలేదని చూసుకుని, జూలై 13న మళ్ళీ విజయవాడ వెళ్ళి వచ్చాం. గడియారం సరిచేసుకోవడం, అద్దాల ఒక్క నొక్కుడు స్విచ్చులకు మళ్ళీ నేర్పడం వంటివి తర్వాత తీరికగా చేసుకున్నాను.

ఖర్చు మొత్తం రూ. 5,720, అందులో స్కానరూ లైటూ సాకెట్టూ ఇంట్లో మిగిలే వస్తువులు. పాత పెడల్ సెన్సర్ మూతను ఒక సాయంత్రం ఊడదీసి చూస్తే, నల్లటి పట్టీ మీద మొదటి మూడో వంతులో, అంటే ఊళ్ళో నడిపేటప్పుడు పాదం ఎప్పుడూ ఉండే చోట, నలుపు పోయి సన్నటి తెల్లగీత పడి ఉంది.

కొత్త పెడల్‌కు ఆరు నెలల వారంటీ ఉందని బిల్లు మీద రాసి ఉంది. జూలై చివర్లో ఆటోనగర్ వైపు వెళ్ళినప్పుడు వారంటీ కార్డు అడిగితే, గుర్తింపు ఉన్న వర్క్‌షాపులో బిగించినట్టు ముద్ర ఉంటేనే అది చెల్లుతుందని, ఇంట్లో బిగించుకుంటే చెల్లదని కౌంటర్లో అబ్బాయి చెప్పాడు. ఈ మాట అడ్వాన్సు కట్టించుకున్న రోజు చెప్పలేదు. మీరు కొనేటప్పుడు ముందే అడగండి. ముద్ర కావాలంటే, సామాను మీరే కొని, కూలీకి మాత్రం వర్క్‌షాపులో బిగించుకుంటే ఎంతవుతుందో కూడా కనుక్కోండి. నేను తర్వాత ఒకచోట వాకబు చేస్తే రూ. 800 అన్నారు.